పట్టాలు ఎవరి వాడ దాకా వస్తాయి? - అట్లాంటా రైలు చెప్పే చరిత్ర



ఈ భాగంలో అమెరికా పోదాం. కానీ మా ఊరి మీదుగా పోదాం.

నా చిన్నప్పుడు మా పంచాయతీకి సిమెంటు రోడ్డు మంజూరైంది. సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వు. మా పల్లె నుంచే ఒక పెద్దమ్మ గెలిచింది. తీర్మానం మీద సంతకం ఆమెదే. రోడ్డు మాత్రం బస్టాండు దగ్గర మొదలై, ఊరి రచ్చబండ చుట్టూ తిరిగి, పెద్దల వీధి చివర ఆగిపోయింది. అక్కడి నుంచి మా పల్లె రెండు ఫర్లాంగులు. వానాకాలం వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే రెండు ఫర్లాంగులు. "నువ్వే కదమ్మా సర్పంచివి, మన దాకా ఎందుకు రాలేదు?" అని అడిగితే ఆమె ఒక్కటే చెప్పింది. "నేను పోయేసరికే గీత గీసి పెట్టారు అయ్యా. సంతకం పెట్టమన్నారు, పెట్టాను."

ఆ గీత ఎవరు గీశారు? ఎప్పుడు గీశారు? ఎవరి ఇంట్లో కూర్చుని గీశారు? అట్లాంటా రైలు చరిత్ర చదువుతున్నప్పుడల్లా నాకు ఈ ప్రశ్నలే గుర్తొస్తాయి. అక్కడ మేయర్లూ కౌంటీ నాయకులూ ఒక చోట కూర్చుని, ప్రాంతమంతటికీ రైలు తెస్తామని ఏళ్ళ తరబడి కూటములు కట్టారు. రైలు వచ్చింది. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చూస్తే మా పెద్దమ్మ మాటే వినిపిస్తుంది.

మనకూ రైలుకూ ఏం సంబంధం?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళకు బాబాసాహెబ్ చిన్నతనం గుర్తు చేస్తాను. 1901లో, తొమ్మిది పదేళ్ళ వయసులో, అన్నతోనూ అక్క కొడుకులతోనూ కలిసి తండ్రి దగ్గరికి బయలుదేరాడు. రైలు ఎక్కారు, మసూర్ స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు చూసి స్టేషన్ మాస్టరు బాగానే పలకరించాడు. మహార్లమని పిల్లవాడు చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. బండి కట్టడానికి ఎవడూ రాలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు. అది కూడా పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదంతా రాసుకున్నాడు. రైలు అందర్నీ ఎక్కించుకుంది. దిగిన చోట కులం కాచుకుని కూర్చుంది.

అమెరికాలో నల్లజాతి పోరాటానికీ రైలు పెట్టే వేదికైంది. 1892లో హోమర్ ప్లెస్సీ అనే ఆయన లూసియానాలో కావాలనే తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. 1896లో ఆ దేశపు సుప్రీంకోర్టు, వేరుగా కూర్చోబెట్టినా సమానంగా చూస్తే చాలని తీర్పు చెప్పి, ఆ వేర్పాటుకు చట్టం ముద్ర వేసింది. ఆ ముద్ర చెరగడానికి అర్ధ శతాబ్దం పైన పట్టింది.

కాబట్టి రైలు మన కథకు బయటిది కాదు. ఎవరు ఎక్కాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి అన్న తగవులు అయిపోయాక ఇంకో తగవు మిగులుతుంది. అసలు పట్టాలు ఎవరి వాడ దాకా రావాలి? ఈ చివరి తగవు పోలీసు స్టేషన్‌లో తేలదు. ప్లాను గీసే గదిలో తేలుతుంది.

పట్టాల మీద పుట్టిన ఊరు

అట్లాంటా నది ఒడ్డున పుట్టిన ఊరు కాదు, సముద్రం పక్కన పుట్టిన ఊరు కాదు. 1837లో ఒక రైలు మార్గం చివరి చోటుగా ఒక రాయి పాతితే, దాని చుట్టూ ఊరు మొలిచింది. మొదట్లో ఆ ఊరి పేరే 'టెర్మినస్'. అంటే లైను ఆగే చోటు.

అమెరికా దక్షిణాదిలో రైలు కట్టలు వేయడానికి బానిసల చేత మట్టి మోయించారు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక జార్జియా ప్రభుత్వం ఖైదీలను రైలు కంపెనీలకు అద్దెకిచ్చింది. ఆ ఖైదీల్లో అత్యధికులు నల్లవాళ్ళే. అంటే పట్టాలు పరిచిన చేతులు ఎవరివో అనుమానం లేదు. నూరేళ్ళ తర్వాత అదే ఊళ్ళో కొత్త పట్టాలు వేయాలన్నప్పుడు ఆ చేతుల వారసుల దగ్గరికి రైలు రావాలా వద్దా అని ఓటింగు పెట్టారు.

ఎవరు ఎవరితో కూర్చున్నారు?

అమెరికాలో స్థానిక పాలన ఎలా ఉంటుందో ముందు రెండు మాటలు. నగరానికి మేయరు ఉంటాడు. నగరం చుట్టూ కౌంటీలు ఉంటాయి. వాటిని మన జిల్లాలనుకోవచ్చు. కానీ మన కలెక్టరులా పైనుంచి వచ్చిన అధికారి చేతిలో ఉండవు. ఎన్నికైన కమిషన్ పాలిస్తుంది. పన్ను వేయాలా వద్దా అన్నదాంట్లో కౌంటీ ప్రజల ఓటుకు పెద్ద బలం ఉంటుంది.

అట్లాంటా చుట్టూ ఐదు కౌంటీల పేర్లు గుర్తు పెట్టుకోండి. ఫుల్టన్, డీకాల్బ్, ఈ రెంటిలోనే అట్లాంటా నగరం ఉంది. ఉత్తరాన కాబ్, ఈశాన్యాన గ్విన్నెట్, దక్షిణాన క్లేటన్.

1960ల్లో నగర మేయరు, వ్యాపారులు, కౌంటీ నాయకులు కలిసి ఐదు కౌంటీలకూ ఒకే రైలు సంస్థ కావాలని కదిలారు. 1965లో జార్జియా శాసనసభ చట్టం చేసింది. ఆ సంస్థ పేరు పొట్టిగా 'మార్టా'. చేరాలా వద్దా అని అదే ఏడాది జూన్‌లో ఓటింగు పెడితే కాబ్ కౌంటీ మొదటి గడపలోనే వద్దంది. ఐదులో ఒకటి పోయింది, నాలుగు మిగిలాయి.

ఆ కాలం ఎలాంటిదో గమనించండి. 1964లో పౌర హక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. బడుల్లో, హోటళ్ళలో, బస్సుల్లో వేర్పాటు చెల్లదని చట్టం చెప్పింది. చట్టం అలా చెప్పిన కొద్దీ తెల్లవాళ్ళు నగరం ఖాళీ చేసి శివారు కౌంటీలకు తరలిపోయారు. 1970 జనాభా లెక్కల నాటికి అట్లాంటా నగరంలో సగానికి పైగా నల్లవాళ్ళే. శివారులకు తరలిపోయినవాళ్ళకు కౌంటీ సరిహద్దే కోటగోడ అయింది. బడి గోడ కూలినా, హోటల్ తలుపు తెరుచుకున్నా, కౌంటీ గీత మాత్రం చట్టబద్ధంగా నిలబడే ఉంది. రైలు ఆ గీత దాటుతుంది. అందుకే రైలంటే భయం.

1968: కాదన్నవాళ్ళలో మనలాంటివాళ్ళూ ఉన్నారు

1968 నవంబరులో మార్టాకు డబ్బు కోసం ఓటింగు పెట్టారు. ఆస్తి పన్నుతో రైలు కడతామన్నారు. ఓడిపోయింది. ఓడించింది తెల్ల శివారులు మాత్రమే కాదు, నగరంలోని నల్లజాతి ఓటర్లు కూడా.

ఇక్కడ విద్యార్థి మిత్రులు ఒక్క క్షణం ఆగాలి. బీదవాళ్ళకు బండ్లు లేవు, రైలు వాళ్ళకే కావాలి, మరి వాళ్ళెందుకు వద్దన్నారు? వెనకబాటుతనమా? అవగాహన లేకనా? మన గురించి కూడా ఇలాగే మాట్లాడతారు కదా, "వీళ్ళకు అభివృద్ధి అర్థం కాదు" అని.

వాళ్ళకు బాగా అర్థమైంది కాబట్టే వద్దన్నారు. ప్లాను గీసేటప్పుడు తమను అడగలేదన్నది వాళ్ళ ప్రధాన ఫిర్యాదు. లైన్లు శివారు ఉద్యోగిని నగరం నడిమధ్యకు చేర్చడానికే గీశారు తప్ప, నల్లవాడల నుంచి పనికి పోయే మనిషి కోసం గీయలేదు. సంస్థలో ఉద్యోగాలు, కాంట్రాక్టులు ఎవరికన్న దాని మీద గట్టి హామీ లేదు. అడగకుండా గీసిన గీతకు మేం పన్ను కట్టం అన్నారు.

ఆ 'కాదు' అన్న మాటకు విలువ ఎంతో మూడేళ్ళలో తెలిసింది.

1971: షరతుల మీద ఒప్పందం

1969 ఎన్నికల్లో సామ్ మాసెల్ మేయరుగా గెలిచాడు. అట్లాంటాకు మొదటి యూదు మేయరు ఆయనే. నల్లజాతి ఓట్లు లేకపోతే గెలిచేవాడు కాదు. అదే ఎన్నికలో ఉప మేయరుగా మేనార్డ్ జాక్సన్ గెలిచాడు. తర్వాత 1973లో మేయరై, దక్షిణాది పెద్ద నగరానికి మొదటి నల్లజాతి మేయరుగా చరిత్రకెక్కినవాడు ఆయనే.

ఈసారి ప్లాను పట్టుకుని ముందుగా నల్లజాతి నాయకుల దగ్గరికి రావాల్సి వచ్చింది. బేరం కుదిరింది. ఆస్తి పన్ను బదులు అమ్మకం పన్ను, డాలరుకు ఒక సెంటు, అంటే నూటికి ఒకటి. అమ్మకం పన్నుతో ఒక చిక్కుంది. ధనవంతుడూ పేదవాడూ కొన్న ప్రతి వస్తువు మీదా ఒకే రేటు కడతారు, కానీ బరువు పేదవాడి మీదే ఎక్కువ పడుతుంది. ఆ బరువు తగ్గించడానికి బస్సు ఛార్జీ 40 సెంట్ల నుంచి 15 సెంట్లకు తగ్గించి, ఏడేళ్ళు అలాగే ఉంచుతామన్నారు. పడమటి నల్లవాడల వైపు, పెర్రీ హోమ్స్ అనే పేదల ఇళ్ళ సముదాయం దాకా ఒక శాఖా లైను వేస్తామన్నారు. ఉద్యోగాల్లో వాటా అన్నారు.

మాసెల్ స్వయంగా సిటీ బస్సులెక్కి ప్రయాణికులకు ఛార్జీ లెక్క వివరించాడు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కార్ల మీదుగా హెలికాప్టర్‌లో తిరుగుతూ మైకులో ఓటడిగాడు. 1971 నవంబరు 9న ఓటింగు జరిగింది. ఫుల్టన్‌లో కేవలం కొన్ని వందల ఓట్ల తేడాతో నెగ్గింది. డీకాల్బ్‌లోనూ నెగ్గింది. గ్విన్నెట్, క్లేటన్ భారీ తేడాతో తిరస్కరించాయి. అప్పుడు ఆ రెండు కౌంటీల్లోనూ దాదాపు అందరూ తెల్లవాళ్ళే.

కొన్ని వందల ఓట్లు! 1968లో 'కాదు' అన్నవాళ్ళే 1971లో షరతుల మీద 'అవును' అనకపోతే అట్లాంటాలో రైలే లేదు. 1972 మార్చిలో 15 సెంట్ల ఛార్జీ అమల్లోకి వచ్చింది. 1979 జూన్ 30న మొదటి రైలు నడిచింది.

చట్టంలో పెట్టిన మేకు

కథ ఇక్కడ ఆగితే సంతోషంగా ఉండేది. కానీ లెస్టర్ మాడాక్స్ గురించి చెప్పాలి. 1964లో తన హోటల్లోకి నల్లవాళ్ళను రానివ్వనని గొడ్డలి కర్రలతో కాపలా కాసి, దాంతోనే పేరు తెచ్చుకుని, గవర్నరైన మనిషి. 1971లో ఆయన లెఫ్టినెంట్ గవర్నరు, రాష్ట్ర సెనేటు ఆయన చేతిలో ఉంది. అమ్మకం పన్ను బిల్లు కదలాలంటే ఒక షరతు పెట్టాడు. వచ్చే పన్నులో సగానికి మించి రోజువారీ నడపడానికి ఖర్చు పెట్టకూడదు. మిగతా సగం కట్టడాలకే.

వినడానికి పొదుపులా ఉంటుంది. ఫలితం చూడండి. డబ్బున్నా డ్రైవర్లను పెంచలేరు, బస్సులు పెంచలేరు, ఛార్జీ తగ్గించి ఉంచలేరు. బస్సు మీద ఆధారపడింది ఎవరో మనకు తెలుసు. పైగా జార్జియా రాష్ట్రం ఈ సంస్థను నడపడానికి నిలకడగా నిధులిచ్చిన చరిత్ర లేదు. ఆ సగం నిబంధన పూర్తిగా తొలగిపోవడానికి 2015 దాకా పట్టింది. అంటే 44 ఏళ్ళు. మాడాక్స్ 2003లోనే చనిపోయాడు, ఆయన పెట్టిన మేకు ఇంకో 12 ఏళ్ళు బతికింది.

శివారుల్లో ఆ సంస్థ పేరు మీద ఒక వెకిలి జోకు పుట్టింది. మార్టా ఇంగ్లీషు పేరులోని ఐదు అక్షరాలకు, ఆఫ్రికన్లను అట్లాంటాలో వేగంగా తిప్పే బండి అని అర్థం చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. మన హాస్టళ్ళకూ, మన స్కాలర్‌షిప్‌లకూ, మన కాలనీలకూ ఊళ్ళోవాళ్ళు పెట్టే పేర్లు గుర్తొస్తున్నాయా?

పెర్రీ హోమ్స్‌కు రాని రైలు

1971 మాటల్లో నల్లవాడలకు అన్నింటికన్నా ముఖ్యమైనది పెర్రీ హోమ్స్ లైను. ఏమైంది? ఆ శాఖ మీద బ్యాంక్‌హెడ్ అనే స్టేషన్ 1992 డిసెంబరులో తెరిచారు. ఓటు వేసిన 21 ఏళ్ళకు. ఆ ప్లాట్‌ఫారం ఎంత చిన్నదంటే రెండు పెట్టెల రైలు మాత్రమే పడుతుంది. లైను అక్కడే ఆగింది. పెర్రీ హోమ్స్ దాకా పోనే లేదు. 1990ల చివర్లో పెర్రీ హోమ్స్ ఇళ్ళనే కూలగొట్టేశారు. మాట ఇచ్చిన చోటూ లేదు, మాటా లేదు.

ఇంకో విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఈ ఏళ్ళలో ఎక్కువ కాలం అట్లాంటా మేయరు కుర్చీలో ఉన్నది నల్లజాతి నాయకులే. అంటే మనవాడు కుర్చీలో ఉంటే చాలు, పట్టాలు వాటంతట అవే మన వాడకు వస్తాయన్నది ఉత్త ఆశ. ఉత్తర దిక్కున ఆఫీసులు, మాల్స్ ఉన్న వైపు లైను సాగుతూ పోయింది. కట్టడానికి డబ్బు తక్కువైనప్పుడు ఎవరి లైను వాయిదా వేయాలన్న ప్రశ్న వస్తే, గట్టిగా అరవలేని వాడదే వాయిదా పడింది.

క్లేటన్: వద్దన్న కౌంటీయే కావాలంది

క్లేటన్ కౌంటీ కథ ఇంకా లోతైనది. 'గాన్ విత్ ద విండ్' నవలలో బానిసల తోటల వైభవానికి కన్నీళ్ళు కార్చిన నేల అదే. 1971లో రైలు వద్దన్న ఆ తెల్ల కౌంటీ నుంచి తెల్లవాళ్ళు తర్వాతి దశాబ్దాల్లో మరింత దూరం పోయారు. నగరంలో అద్దెలు కట్టలేని నల్ల కుటుంబాలు అక్కడికి చేరాయి. 2010 నాటికి జనాభాలో మూడింట రెండు వంతులు నల్లవాళ్ళే. తండ్రుల తరం తెల్లవాళ్ళు వేసిన 'వద్దు' ఓటు శిక్ష, కొత్తగా వచ్చిన వీళ్ళు అనుభవించారు.

అట్లాంటా విమానాశ్రయంలో ఎక్కువ భాగం క్లేటన్ కౌంటీలోనే ఉంది. 1988లో మార్టా రైలు విమానాశ్రయం దాకా వచ్చింది. సూట్‌కేసు పట్టుకున్న ప్రయాణికుడికి రైలు ఉంది. అదే విమానాశ్రయంలో నేల తుడిచి, సామాన్లు మోసి, రాత్రి ఇంటికి పోవాల్సిన క్లేటన్ మనిషికి లేదు.

2001లో ఆ కౌంటీ సొంతంగా సి-ట్రాన్ అనే చిన్న బస్సు సర్వీసు పెట్టుకుంది. 2010 మార్చి 31న డబ్బుల్లేవని కౌంటీ దాన్ని ఆపేసింది. రోజుకు సుమారు 8 వేల ప్రయాణాలు ఒక్క రాత్రితో ఆగిపోయాయి. ఉద్యోగాలు పోయినవాళ్ళున్నారు, కాలేజీ మానేసినవాళ్ళున్నారు, హైవే అంచున మైళ్ళు నడిచినవాళ్ళున్నారు.

అప్పుడు ఆ జనం ఊరుకోలేదు. చర్చిలు, కార్మిక సంఘాలు, విద్యార్థులు, పర్యావరణ సంఘాలు కలిసి నాలుగేళ్ళు తిరిగారు. 2014లో కౌంటీ కమిషనర్లు అర సెంటు పన్నా, ఒక సెంటా అని కొట్లాడుకుని, చివరికి జూలైలో ఒక సెంటు మీద ఓటింగుకు ఒప్పుకున్నారు. నవంబరులో 70 శాతానికి పైగా ఓటర్లు అవునన్నారు. 1971 తర్వాత మార్టాలో చేరిన మొదటి కొత్త కౌంటీ అది. 2015 మార్చిలో బస్సులు తిరిగి వచ్చాయి.

ఆ సెంటులో సగం బస్సులకు, సగం పెద్ద రవాణాకు అన్నారు. పెద్ద రవాణా అంటే జనం మనసులో ఉన్నది జోన్స్‌బరో వైపు పోయే శివారు రైలే. 2018లో సంస్థ బోర్డు కూడా రైలునే ఎంచుకుంది. కానీ ఉన్న పట్టాలు నార్ఫక్ సదరన్ అనే సరుకు రవాణా కంపెనీవి. ఆ కంపెనీతో ఒప్పందం కుదరలేదు. 2023లో ప్లానులోంచి రైలు పోయి దాని స్థానంలో ప్రత్యేక దారిలో నడిచే బస్సు వచ్చి చేరింది. పన్ను మాత్రం మొదటి రోజు నుంచీ కడుతూనే ఉన్నారు.

ఈ లోపు గ్విన్నెట్ 1990లో మళ్ళీ వద్దంది. 2019లో వద్దంది, 2020లో చాలా కొద్ది ఓట్ల తేడాతో ఓడింది, 2024లోనూ ఓడింది. ఆ ఉత్తర శివారుల్లో ఇప్పుడు మన తెలుగువాళ్ళు కూడా వేలల్లో ఉన్నారు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలూ ఉన్నారు. అమెరికా పోయి కారు కొనుక్కోగానే బస్సు అంటే చిన్నచూపు చూసే జబ్బు మనకూ అంటుకోకూడదని వాళ్ళకు చెప్పండి.

21 మంది ఒక్క మాట, జనం ఇంకో మాట

ప్రాంతీయ కూటమి అన్న మాట బలహీనత ఎక్కడో 2012 చూపిస్తుంది. పది కౌంటీలకు కలిపి ఒక బల్ల వేశారు. పది మంది కౌంటీ అధ్యక్షులు, పది మంది మేయర్లు, అట్లాంటా మేయరు, మొత్తం 21 మంది స్థానిక నాయకులు. రోడ్లూ రైళ్ళూ బస్సులూ కలిపి 157 పనుల జాబితా తయారు చేశారు. విలువ 614 కోట్ల డాలర్లు. 21 మందీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. పార్టీలు వేరు, రంగులు వేరు, అయినా ఒక్క మాట. పత్రికలు పొగిడాయి.

జూలై 31న ఓటింగు. 60 శాతానికి పైగా జనం తిప్పికొట్టారు.

పన్నులే వద్దనే శివారు తెల్ల ఓటర్లు వ్యతిరేకించారు, అది తెలిసిన కథే. కానీ డీకాల్బ్ కౌంటీ ఎన్‌డబుల్‌ఏసీపీ శాఖ కూడా వ్యతిరేకించింది. వాళ్ళ వాదన సూటిగా ఉంది. మేం 40 ఏళ్ళుగా మార్టాకు సెంటు కడుతున్నాం. కట్టని కౌంటీలతో పాటు మళ్ళీ ఇంకో సెంటు కట్టమంటున్నారు. దక్షిణ డీకాల్బ్‌కు ఏళ్ళుగా చెబుతున్న రైలు ఈ జాబితాలో లేదు. మరి మాకేంటి?

21 మంది నాయకుల ఏకగ్రీవం వెనక ఉన్న తప్పు ఇదే. వాళ్ళు ఒకరికొకరు పంచుకున్నారు. నీ కౌంటీకి ఒక రోడ్డు, నా కౌంటీకి ఒక వంతెన. అందరికీ తలా ఒకటి దొరికింది కాబట్టి అందరూ సంతకం పెట్టారు. నలభై ఏళ్ళ బాకీ ఎవరికి ఉందన్న లెక్క ఆ బల్ల మీదికి రాలేదు. సమానంగా పంచడం వేరు, బాకీ తీర్చడం వేరు. రిజర్వేషన్ వాదన అంతా ఈ ఒక్క తేడా మీదే నిలబడి ఉంది కదా.

జాతి, కులం ఒకటేనా?

కామెంట్లలో ఎవరో తప్పకుండా అడుగుతారు, జాతినీ కులాన్నీ ఒకే గాట కడుతున్నావా అని. కట్టడం లేదు. కులానికి ఉన్న అంటు, పెళ్ళి కట్టడి, మతం ఇచ్చే సమర్థన వేరు. కానీ పోల్చి నేర్చుకోవడం మనకు కొత్త కాదు. 1946లో బాబాసాహెబ్ స్వయంగా డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు పంపే అర్జీ ప్రతిని అడిగాడు. ఆ డుబాయిస్ ఎక్కడ పాఠాలు చెప్పాడో తెలుసా? ఇదే అట్లాంటాలో, అట్లాంటా యూనివర్సిటీలో, రెండు విడతలుగా ఇరవై ఏళ్ళకు పైగా.

మన దగ్గర ఆ గది ఎక్కడుంది?

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ 2003లో మొదలైంది. రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. ఎవరి వాటా ఎప్పుడు ఇవ్వాలన్న తగవుతో పనులు ఏళ్ళకేళ్ళు సాగాయి. ఆ ఒప్పందం రాష్ట్రానికీ రైల్వేకీ మధ్యది. శివారు బస్తీ నుంచి ఇళ్ళల్లో పనికి, కంపెనీల్లో హౌస్‌కీపింగ్‌కు పోయే అక్కలు గెలిపించిన కార్పొరేటరుకు, పక్క ఊరి సర్పంచుకు అందులో మాట లేదు.

అలా మాట ఉండే చోటు రాజ్యాంగంలో ఉంది. 74వ సవరణ తెచ్చిన 243జెడ్ఈ అధికరణం చదవండి. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి ఒక ప్రణాళికా కమిటీ ఉండాలి. అందులో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను ఆ ప్రాంతపు మున్సిపల్ సభ్యులూ పంచాయతీ అధ్యక్షులూ తమలోంచి ఎన్నుకోవాలి. అంటే మేయర్లూ కార్పొరేటర్లూ సర్పంచులూ కలిసి కూర్చుని గీత గీసే గది మనకు కాగితం మీద ఎప్పుడో ఉంది. ఇంకొకటి కూడా గమనించండి. పంచాయతీ, మున్సిపల్ సీట్లకు ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ రాజ్యాంగంలోనే రాశారు. ఈ కమిటీ అధికరణంలో మాత్రం ఆ మాట లేదు. వార్డులో మనకు సీటు ఉంది. గీత గీసే చోటుకు వచ్చేసరికి లేదు.

అందుకే విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నాను. మీ ఊరికో మీ నగరానికో రైలు, మెట్రో, రింగు రోడ్డు ఏది వస్తుందన్నా నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి.

ఒకటి, గీత గీసిన రోజు గదిలో ఎవరున్నారు?

రెండు, పన్ను ఎవరు కడుతున్నారు, ఎన్నాళ్ళుగా కడుతున్నారు?

మూడు, మన వాడకు ఇచ్చిన మాట ఉపన్యాసంలో ఉందా, రాతలో ఉందా? రాతలో తేదీ ఉందా?

నాలుగు, డబ్బు తక్కువైతే ముందు కోసేది ఎవరి లైను?

1968లో అట్లాంటా నల్లవాడలు అడిగింది మొదటి ప్రశ్న. అది అడిగినందుకే 1971లో 15 సెంట్ల ఛార్జీ వచ్చింది. మూడో ప్రశ్నను గట్టిగా బిగించలేకపోయారు, పెర్రీ హోమ్స్ రైలు పోయింది. నాలుగో ప్రశ్న దగ్గర క్లేటన్ ఇవాళ్టికీ నిలబడి ఉంది.

మా పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె పదవి దిగిన చాలా ఏళ్ళకు మా పల్లె కుర్రాళ్ళు సమాచార హక్కు కింద ఆ పాత తీర్మానం నకలు తీయించారు. అందులో రోడ్డు మా పల్లె దాకా అనే రాసి ఉంది. కొలత కూడా ఉంది. ఆ కాగితం పట్టుకుని తిరిగి తిరిగి, చివరికి ఆ రెండు ఫర్లాంగులూ వేయించుకున్నారు. ఆమె పెట్టిన సంతకం కింద ఏం రాసి ఉందో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు, అంతే.

మీ ఊళ్ళో, మీ బస్తీలో ఇలా మధ్యలో ఆగిపోయిన రోడ్డు, బస్సు, లైను ఏదైనా ఉంటే కింద రాయండి. ఏ ఏట మంజూరైంది, ఎక్కడ ఆగింది అన్న వివరంతో రాయండి. వచ్చే భాగం వాటితోనే మొదలుపెడతాను.

జై భీమ్.